తల కదలనిచ్చిన యంత్రం

చదివేటప్పుడు కన్ను ఎలా కదులుతుందో గీతల్లో పట్టాలని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్మండ్ హ్యూయీ 1898లో ఒక సాహసం చేశాడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పల్చటి తొడుగు చేసి, చూపు కోసం మధ్యలో చిన్న కంత వదిలాడు. కొకైన్ చుక్కలతో మొద్దుబార్చిన కంటి మీద దాన్ని అమర్చాడు. తొడుగుకు తగిలించిన అల్యూమినియం ముల్లు, మసి పూసిన డ్రమ్ము మీద కంటి కదలికల్ని గీసింది. కన్ను అక్షరాల వెంట సాఫీగా జారడం లేదు, గెంతి ఆగుతోంది, మళ్లీ గెంతుతోంది.

1901లో మరో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ డాడ్జ్ కంటిని ముట్టుకోకుండానే పని కానిచ్చాడు. కార్నియా మీద మెరిసే వెలుగుచుక్క కదలికని, కిందికి జారే ఫొటో ప్లేటు మీద పట్టాడు. నేటి ఐ ట్రాకర్లలో చాలావాటికి ఆ మెరుపే ఆధారం. చిక్కల్లా తలతోనే వచ్చింది. అది కాస్త కదిలినా కొలత చెడుతుంది. దాంతో గడ్డం కింద దన్ను, పళ్ల మధ్య కరిచిపట్టుకునే పట్టీ ప్రయోగశాలల్లో మామూలైపోయాయి. మాస్కోలో ఆల్ఫ్రెడ్ యార్బస్ చేసిన గొప్ప ప్రయోగాలూ తలను కట్టిపెట్టి చేసినవే. రష్యన్ చిత్రకారుడు రేపిన్ వేసిన ఒక చిత్రాన్నే చూపిస్తూ, ఇందులోని వాళ్ల వయసెంత, వీళ్లు ఉన్నవాళ్లా లేనివాళ్లా అని అడిగితే, ప్రశ్న మారినప్పుడల్లా అదే మనిషి చూపు వేరే దారి పట్టింది. చూపును నడిపేది చేతిలో ఉన్న పని అని అక్కడే తేలింది. కానీ తల బిగించుకున్న మనిషి చేయగల పనులు ఎన్నని?

ఆ బిగింపును వదిలించినవాళ్లలో నాకు అందరికన్నా ఇష్టుడు ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ లాండ్. దూకే సాలీళ్ల కళ్లను ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన జీవశాస్త్రవేత్త ఆయన. 1990ల మొదట్లో తలకు తగిలించుకునే కెమెరాను సొంతంగా తయారుచేసుకున్నాడు. అద్దాల సాయంతో ఒకే వీడియోలో ఎదుటి దృశ్యమూ, కన్నూ రెండూ పడేలా అమర్చాడు. తర్వాత ఒక్కో ఫ్రేమునూ ఆపి, నల్లగుడ్డు అంచుకు కంప్యూటర్‌లో దీర్ఘవృత్తం సరిపెట్టి, చూపు ఎటుందో లెక్కకట్టాలి. నిమిషం వీడియోకి ఎంత ఓపిక కావాలో ఆలోచించండి!

1999లో ఆయన బృందం ముగ్గురికి ఈ పరికరం పెట్టి టీ కాయమంది. ఏళ్ల తరబడి చేసిన పని, ధ్యాస పెట్టకుండానే చేసేస్తామనుకుంటాం. వీడియో అలా చెప్పలేదు. చెయ్యి కెటిల్‌ను అందుకోవడానికి సుమారు అర సెకను ముందే చూపు దాని మీద వాలుతోంది. ఆ పని పూర్తయ్యేలోపే చూపు తర్వాతి వస్తువుకు వెళ్లిపోతోంది. వంటింట్లో ఎన్ని సామాన్లున్నా, పనికి సంబంధం లేని వాటి మీద చూపు దాదాపుగా ఆగనే లేదు. మరుసటి ఏడాది క్రికెట్ బ్యాట్స్‌మన్‌ల వంతు. బౌలింగ్ యంత్రం వదిలిన బంతిని వాళ్లు ఆసాంతం వెంబడించలేదు. అది వెలువడిన క్షణం చూసి, ఎక్కడ పిచ్ అవుతుందో అక్కడికి చూపును ముందే గెంతించి కాచుకున్నారు. నేర్పరి ఆ గెంతు తొందరగా వేశాడు. "బంతి మీద నుంచి చూపు తిప్పకు" అనే కోచ్ మాటకు ఇంతకన్నా మంచి సవరణ నేను చదవలేదు.

తలను వదిలేశాక కొత్త ఇబ్బంది మొదలైంది. కన్ను కదలకుండా ఒకచోట నిలిస్తేనే చూపు ఆగినట్టు అని పాత లెక్క. కానీ నడుస్తూ గోడ మీది గడియారాన్ని చూసే మనిషికి, తల ఒకవైపు తిరిగితే లోపలి చెవి ఇచ్చే సంకేతంతో కన్ను సెకనులో వందో వంతులోనే వ్యతిరేక దిశకు తిరుగుతుంది. అంటే చూపు గడియారం మీదే ఉంది, కన్ను మాత్రం కదులుతూనే ఉంది! కంటి కెమెరా ఒక్కటే ఉంటే చూపు కదిలిందని పొరబడటం ఖాయం. అందుకే అమెరికాలో రోచెస్టర్ పరిశోధకులు 2020లో వెలువరించిన అధ్యయనంలో, కళ్లజోడు ట్రాకర్‌తో పాటు తల తిరుగుడును కొలిచే సెన్సర్‌నూ పెట్టారు. నడవడం, బంతి పట్టుకోవడం, వస్తువులు వెతకడం, టీ కాయడం ఇలా పనులు చేయించారు. ఏది గెంతు, ఏది నిలకడ, ఏది వెంబడింపు అని మనుషులే కూర్చుని గుర్తులు పెట్టారు. కంప్యూటర్ ప్రోగ్రాములు ఆ గుర్తుల నుంచే నేర్చుకున్నాయి.