చూసిన కథ – ఆడిన కథ

పాఠ్యభాగ ఉద్దేశం: ఒక కథ ఒక ప్రక్రియ నుండి మరొక ప్రక్రియలోకి మారినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది మారుతుంది అనే విషయాన్ని ‘అలాద్దీన్’ యానిమేషన్ చిత్రం, దాని ఆధారంగా రూపొందిన రెండు వీడియో గేమ్‌ల ద్వారా విద్యార్థులకు తెలియజేయడం.

పాఠ్యభాగం

మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమని, శ్రవ్యమని రెండు విధాలుగా విభజించారు. విని ఆనందించేది శ్రవ్యకావ్యం; చూసి ఆనందించేది దృశ్యకావ్యం. రెండింటిలోనూ కథను నడిపేవాడు కవి, దాన్ని అనుభవించేవాడు సహృదయుడు. ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాలలో ఈ విభజనకు పూర్తిగా లొంగని ఒక ప్రక్రియ వృద్ధి పొందింది. అదే వీడియో గేమ్. ఇందులో కథను చూసేవాడే నడిపేవాడు కూడా.

అల్లావుద్దీన్ కథకు రూపాలు మారడం కొత్త కాదు. ‘వేయిన్నొక్క రాత్రులు’లోని కథగా ఇది లోకప్రసిద్ధమైనా, ఆ సంపుటి ప్రాచీన అరబ్బీ ప్రతులలో కనిపించదు. సిరియాలోని అలెప్పో నగరవాసి హన్నా దియాబ్ 1709లో పారిస్‌లో చెప్పగా విని, ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ గలాన్ తన అనువాదంలో దీనిని చేర్చాడు. నోటిమాట గ్రంథమైంది, తరువాత రంగస్థలమెక్కింది, వెండితెరకు వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు నాయకుడుగా 1957లో వచ్చిన ‘అల్లావుద్దీన్ అద్భుతదీపం’ తెలుగువారికి తెలిసినదే. 1992లో అమెరికాలోని వాల్ట్ డిస్నీ సంస్థ జాన్ మస్కర్, రాన్ క్లెమెంట్స్‌ల దర్శకత్వంలో ‘అలాద్దీన్’ అనే యానిమేషన్ చిత్రాన్ని విడుదల చేసింది. మరుసటి సంవత్సరమే అది ఆటగా మారింది.

ఆ ఆట ప్లాట్‌ఫారమ్ గేమ్ అనే తరగతికి చెందినది. ఇటువంటి ఆటలో నాయకుడు ఒక అరుగు మీద నుండి మరొక అరుగు మీదికి దూకుతూ, గోతులను దాటుతూ, అడ్డువచ్చిన వారిని తప్పించుకుంటూ గమ్యం చేరాలి. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1981లో ‘డాంకీ కాంగ్’, 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆటలతో ఈ పద్ధతికి విశేష ప్రచారం కల్పించింది. ఇళ్ల కప్పుల మీద పరుగులు తీసే అల్లావుద్దీన్‌కు ఇంతకంటే తగిన ఆట మరొకటి లేదు.

అయితే 1993లో వెలువడినది ఒక ఆట కాదు. ఆనాడు సెగా, నింటెండో సంస్థల ఆటయంత్రాల మధ్య తీవ్రమైన పోటీ ఉండేది. సెగా వారి మెగా డ్రైవ్ యంత్రానికి డేవిడ్ పెర్రీ ఆధ్వర్యంలో వర్జిన్ సంస్థ ఒక ఆటను, నింటెండో వారి సూపర్ నింటెండోకు షింజి మికామి రూపకల్పనలో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ మరొక ఆటను తయారుచేశాయి. కథ ఒకటే, ఆటలు మాత్రం వేరు.

వర్జిన్ వారు చిత్రంలోని రేఖాసౌందర్యాన్ని నిలపదలచారు. డిస్నీ చిత్రకారులే కాగితంపై చేతితో గీసిన బొమ్మలను కంప్యూటర్‌లోకి ఎక్కించి వాడుకున్నారు. అది సులభమైన పని కాదు. మెగా డ్రైవ్ యంత్రం తెరపై ఒకేసారి సాధారణంగా 64 రంగులకు మించి చూపలేదు. అంతకన్నా సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉంది. చలనచిత్రంలో నాయకుడు దూకడానికి ముందు మోకాళ్లు వంచి, శరీరాన్ని కూడదీసుకుంటాడు. ఆ క్షణమే దూకుడుకు జీవం పోస్తుంది. ఆటలో ఆ క్షణం ఎక్కువైతే, బటన్ నొక్కిన బాలునికి నాయకుడు తన మాట వినడం లేదనిపిస్తుంది. చూసేవాడికి అందమైనది ఆడేవాడికి ఆలస్యమవుతుంది. ఈ రెండింటి మధ్య సమతౌల్యమే ఇటువంటి ఆటను రూపొందించేవారి నేర్పు.

వర్జిన్ వారి ఆటలో అల్లావుద్దీన్ చేతికి కత్తి ఇచ్చారు. క్యాప్‌కామ్ వారు ఇవ్వలేదు. వారి నాయకుడు శత్రువుల తలలపై దూకుతాడు, కర్రలు పట్టుకొని ఊగుతాడు, ఆపిల్ పండ్లు విసురుతాడు, గుడ్డను గొడుగులా పట్టుకొని గాలిలో తేలుతాడు. చిత్రంలోని అల్లావుద్దీన్‌కు ప్రధానంగా తోడ్పడేవి కాళ్ల వేగం, మాటల చాతుర్యం. అతడు కత్తి పట్టడం అరుదు. ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుని మాటను బట్టి చూస్తే, క్యాప్‌కామ్ ఆట పాత్ర స్వభావానికి దగ్గరగా ఉంది. వర్జిన్ ఆట చిత్రం రూపానికి దగ్గరగా ఉంది. చలనచిత్రణలో మెగా డ్రైవ్ ఆటే మేలైనదని మికామి తరువాతి కాలంలో అంగీకరించడం అతని సహృదయతకు నిదర్శనం.

కత్తి ఉన్నంత మాత్రాన వర్జిన్ ఆట క్రూరమైనది కాలేదు. దెబ్బ తగిలిన లావుపాటి భటుని పైజామా జారిపోతుంది. నిప్పుల మీద కాలు పెట్టినవాడు గంతులేస్తాడు. నాయకుని బలాన్ని సూచించేది దీపం నుండి వెలువడే పొగ; బలం తగ్గేకొద్దీ పొగ తరుగుతుంది. ఎక్కడా రక్తం కనిపించదు. 1993 డిసెంబరులోనే అమెరికా సెనేట్ హింసాత్మకమైన వీడియో గేమ్‌లపై విచారణ జరిపింది. 1994లో ఏ ఆట ఏ వయసువారికి తగినదో సూచించే మండలి ఏర్పడింది. తల్లిదండ్రులు కలవరపడిన ఆ రోజులలో, పోరాటాన్ని హాస్యంగా మలచి ఇంటిల్లిపాదీ ఆడుకోదగిన ఆటను అందించడం చిన్న విషయం కాదు.

చిత్రానికి, ఆటకు మధ్య అసలు భేదం మరొకటి ఉంది. చిత్రంలో అల్లావుద్దీన్ ఎన్నిసార్లు చూసినా అదే కప్పు మీద నుండి దూకి, అలాగే తప్పించుకుంటాడు. ఆటలో అతడు పడిపోగలడు. పడితే ఆ తప్పు కథకునిది కాదు, ఆడేవానిది. పదిసార్లు పడి, పదకొండవసారి ఆ గోతిని దాటిన బాలునికి కలిగే ఆనందం ప్రేక్షకుని ఆనందం కాదు, సాధకుని ఆనందం. 2019లో మెగా డ్రైవ్ ఆటను కొత్త యంత్రాలకు అనువుగా తిరిగి విడుదల చేసినప్పుడు, జరిగిన తప్పును వెనక్కు తిప్పి సరిదిద్దుకునే సౌకర్యం కల్పించారు. అది చిన్నపిల్లలకు ఊరట. కాని పడి లేవడం నేర్పే గుణాన్ని అది కొంత తగ్గించిందనీ భావించవచ్చు.

కథ రూపం మారినప్పుడల్లా కొంత పోతుంది, కొంత చేరుతుంది. పోయినదానిని ఎంచడం తేలిక. చేరినదానిని గుర్తించడమే వివేకం. అల్లావుద్దీన్ కథకు ఆట చేర్చినది, దీపాన్ని పిల్లవాని చేతికే ఇవ్వడం.

అర్థాలు

ప్రక్రియ = సాహిత్యంలో, కళలలో ఒక రూపభేదం
ఔచిత్యం = తగి ఉండడం
చాతుర్యం = నేర్పు
సమతౌల్యం = రెండువైపులా సమానంగా ఉండడం

ప్రశ్నలు

అ. ‘అలాద్దీన్’ చిత్రం ఆధారంగా వచ్చిన రెండు ఆటల మధ్య భేదాలను వివరించండి.
ఆ. చూసేవాడికి అందమైనది ఆడేవాడికి ఆలస్యం కావడమంటే ఏమిటి?
ఇ. తప్పును వెనక్కు తిప్పే సౌకర్యం మేలా, కీడా? మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.