నూతిలో దూకిన వెంకమ్మ

“పిన్నీ, ఇంత గోల ఏ ఇంట్లోనైనా ఉంటుందా? మరీ టీవీ సీరియల్లా ఉంది” అంది మా అక్క కూతురు. స్టేజీ మీద ‘కన్యాశుల్కం’ నడుస్తోంది. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి 1800 రూపాయలకు ఖాయం చేసుకొచ్చిన అగ్నిహోత్రావధాన్లు, అడ్డొచ్చిన పెళ్లాం మీదా బావమరిది మీదా విరుచుకుపడుతున్నాడు. చివరికి ఆ పెళ్లాం వెంకమ్మ వెళ్లి నూతిలో పడింది. మా వెనక వరసలో ఎవరో పగలబడి నవ్వారు.

అక్క కూతురి మాట కొట్టిపారేయలేకపోయాను. కాలేజీలో చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. మగపిల్లాడికి చీర కట్టి, పెళ్లికూతురని లుబ్ధావధాన్లుకే అంటగట్టే ఘట్టం దగ్గర నాటకకర్త గురజాడ కాస్త సాగదీశారనే ఇప్పటికీ అంటాను. (ఆడవేషాలు మగవాళ్లే కట్టిన రోజుల్లో అది ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండి ఉండదు లెండి.)

నా అభిప్రాయాన్ని కదిలించింది 1897 నాటి మొదటి కూర్పుకి ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠిక. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని చేసే ఇలాంటి పెళ్లిళ్ల జాబితా తీయించారని అందులో ఉంది. మూడేళ్లలో తేలినవి 1034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసికందుల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు కుదిరేవట!

అంటే, అరుపులూ కేకలూ పెంచి రాశారేమో గానీ, బేరాన్ని మాత్రం గురజాడ తగ్గించే చూపించారు. ఏడాది పిల్లను పీటల మీద కూచోబెట్టి ఉంటే 1892లో విజయనగరంలో మొదటి ప్రదర్శన చూసినవాళ్లు నవ్వగలిగేవారా?

ఇక నూతి సంగతి. మా అమ్మమ్మ కోపం వస్తే “నూతిలో పడి చస్తాను” అనేది. పిల్లలం నవ్వేవాళ్లం. ఎన్నో కాన్పులు, ఎన్నో పెళ్లిళ్లు జరిగిన ఆ ఇంట్లో ఆవిణ్ణి అడిగి చేసినవి ఎన్నో నాకు తెలీదు. వెంకమ్మనీ ఎవరూ అడగలేదు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే విధవ అయి కళ్లెదుట తిరుగుతోంది. ఆ తల్లి అంతకన్నా మెల్లగా ఎలా అడ్డుపడాలో నాకు తోచదు.

నాటకం ఆడే మిత్రులకు ఒక మనవి. తెర లేచే ముందు పీఠికలోని ఆ అంకెలు ఒక్కసారి మైకులో చదవండి. రెండు నిమిషాలు కూడా పట్టదు.