470కి 452 వస్తే ఇంట్లో నిశ్శబ్దం ఎందుకు? ఇంటర్ మార్కుల అసలు విలువ ఎంత?

ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీకి మొత్తం మార్కులు 470. ఫలితాల రోజు టీవీ పెడితే 468, 468, 468, 467 అంటూ ఒక గొంతు ఊపిరి తీసుకోకుండా చదువుతూ పోతుంది. అదే సమయంలో ఏదో ఒక ఇంట్లో 452 తెచ్చుకున్న పిల్లాడు సోఫా చివర తల దించుకుని కూర్చుంటాడు. "ఆ పదహారు ఎక్కడ పోయాయిరా?" అని నాన్న అడుగుతుంటాడు.

452 అంటే 96 శాతం. ఆ పదహారు మార్కులతో ఏ సీటు చేజారిందో ఒకసారి లెక్క చూద్దాం.

ఏ సీటుకు ఎన్ని మార్కులు?

జేఈఈ మెయిన్ ర్యాంకులో 2016 వరకు ఇంటర్ మార్కులకు 40 శాతం వెయిటేజీ ఉండేది. 2017 నుంచి తీసేశారు. ఇప్పుడు ఎన్‌ఐటీలో చేరడానికి 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) ఉంటే చాలు. నీట్‌కు జనరల్ అభ్యర్థులకైనా సైన్స్ సబ్జెక్టుల్లో 50 శాతమే అర్హత. తెలంగాణ ఎంసెట్‌లో ఉన్న 25 శాతం వెయిటేజీని 2023లో ఎత్తేశారు.

మిగిలింది ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్. అక్కడ 25 శాతం వెయిటేజీ ఉంది. అయితే అది గ్రూప్ సబ్జెక్టుల 600 మార్కులకే. మన పిల్లాడి పదహారూ అందులోనే పోయాయనుకున్నా, చివరి స్కోరులో తగ్గేది వందకు 0.67. ప్రవేశ పరీక్ష భాషలో చెప్పాలంటే సుమారు ఒకటిన్నర ప్రశ్న. ర్యాంకులు ఒత్తుగా ఉండే చోట దానికీ విలువ ఉంటుంది, కాదనలేం. కానీ ఇల్లంతా మూడు రోజులు మాటలు మానేసేంత విలువ కాదు.

ఇంకో తమాషా. మార్కులు బాగా పడతాయని తెలుగు పిల్లలు తెలుగు వదిలేసి సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంటారు. ఆ 99 మార్కులు ఇంజినీరింగ్ వెయిటేజీలో ఎక్కడా లెక్కకు రావు. టీవీ ప్రకటనకు మాత్రం పనికొస్తాయి.

డిగ్రీ ప్రవేశాలకు, విదేశీ యూనివర్సిటీల దరఖాస్తులకు ఇంటర్ మార్కులు ఇప్పటికీ అవసరమే. అక్కడ కూడా 452కి తలుపులు మూసుకోవు.

మరి ఎందుకీ పట్టుదల?

ఇప్పటి తల్లిదండ్రుల్లో చాలామంది మార్కులకు నిజంగానే బరువున్న రోజుల్లో చదువుకున్నవాళ్లు. నా తరానికి ఇంటర్ మార్కులు ఎంసెట్ ర్యాంకులో భాగం. ఆ లెక్క మారిన సంగతి చాలా ఇళ్లకు ఇంకా చేరలేదు.

రెండోది డబ్బు. హాస్టల్‌తో కలిపి ఫీజు లక్షల్లో ఉంటుంది. దానికోసం అప్పు చేసిన తండ్రికి ప్రతి మార్కూ ఆ అప్పుకు వచ్చిన రశీదులా కనిపిస్తుంది. పైగా వారం వారం టెస్టు మార్కులు నేరుగా ఆయన ఫోన్‌కే వస్తాయి. మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. పిల్లాడు ఇంటికి ఫోన్ చేసేసరికే తీర్పు అయిపోయి ఉంటుంది.

మూడోది భయం. అది ఊరికే పుట్టింది కాదు. 2024లో 23 లక్షల మందికి పైగా నీట్ రాస్తే, దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు.

మెమో కూడా తప్పు చెబుతుంది

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? మంచిర్యాల జిల్లాలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చిందని మెమోలో ఉంది. పేపరు మళ్లీ చూస్తే 99. ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. చివరికి ఫెయిలైనవారందరి పేపర్లనూ ఉచితంగా మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. ఆ కాగితం కంటే ముందు, రెండేళ్లుగా కళ్ల ముందు చదివిన పిల్లను నమ్మాల్సింది కదా అని అప్పట్లో అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

కోర్టు ఎవరిని తప్పుపట్టింది?

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. కోచింగ్ సెంటర్లను నియంత్రించాలన్న పిటిషన్‌పై 2023 నవంబరులో సుప్రీంకోర్టు, అసలు సమస్య తల్లిదండ్రుల అంచనాలేనని వ్యాఖ్యానించింది. అదే కోర్టు 2025 జులైలో, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన విద్యార్థిని కేసులో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దు, నలుగురిలో అవమానించొద్దు, తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలి అన్నవి వాటిలో ఉన్నాయి. నా ఉద్దేశంలో రెండో తీర్పే వాస్తవానికి దగ్గర. తండ్రి ఫోన్‌కు మార్కులు పంపి, సెక్షన్ మార్చి, టీవీలో 468 చదివించేది కాలేజీయే. ఇంట్లో ఆ భాషను అనువదించేది మాత్రం మనం.

ఫలితాల రోజు ఏం చేయాలి?

ఫెయిలైతే ఏడాది పోయినట్టు కాదు. అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. అనుమానం ఉంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఆ రోజు బంధువుల ఫోన్లు పిల్లల చేతికి ఇవ్వకండి, అవి మీరే మాట్లాడండి. పిల్లలు తిండి మానేసినా, మాట తగ్గించినా, గది తలుపు వేసుకున్నా ఒంటరిగా వదలొద్దు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు పిల్లలు గానీ, పెద్దలు గానీ ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.