తాళంచెవి తెచ్చిచ్చారు, మిగతా అద్దె మాటేంటి?

మూడేళ్లకు అగ్రిమెంటు రాసుకున్నారు. ఏడో నెల అద్దె కట్టేసి, తాళంచెవి తెచ్చి టీపాయ్ మీద పెట్టారు అద్దెకున్నవాళ్లు. ‘ఉద్యోగం పుణెకు మారిందండీ, వెళ్లిపోతున్నాం’ అన్నారు. మిగిలిన 29 నెలల అద్దె ఓనరు వసూలు చేసుకోవచ్చా? అగ్రిమెంటులో అక్షరాలా ఆ మాటే రాసి ఉన్నా, చాలామటుకు కుదరదు. మీకు తెలుసా?

ముందు ఆ కాగితం సంగతి చూడాలి. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూ, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమూ చెబుతున్నాయి. మన ఊళ్లలో అద్దె కాగితాలన్నీ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే ఇందుకే. ఖర్చు దండగని మూడేళ్ల అగ్రిమెంటును కూడా స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ ముద్రతో సరిపెట్టేస్తే ఆ మూడేళ్ల గడువే నిలవదు. ఇల్లు నెలవారీ అద్దె కిందికి వస్తుంది. 15 రోజుల నోటీసు ఇచ్చి కిరాయిదారు బయటపడొచ్చు. ఐదేళ్లకు రాసుకుని రిజిస్టరు చేయించని లీజును 2000లో ఆంథోనీ–ఇట్టూప్ కేసులో సుప్రీంకోర్టు ఇలాగే నెలవారీ అద్దెగా చూసింది. ఓనరు రిజిస్ట్రేషన్ డబ్బులు మిగుల్చుకుని గడువును పోగొట్టుకున్నట్టు!

మరి కాగితం పక్కాగా ఉండి, అందులో ‘లాక్-ఇన్, అంటే కనీసం ఉండి తీరాల్సిన గడువు, తీరకముందే వెళ్తే అడ్వాన్సు వెనక్కి రాదు’ అని ఉంటే? ఇక్కడ 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 74వ సెక్షన్ అడ్డొస్తుంది. ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారమే దక్కుతుంది. 1963లో ఫతేచంద్ కేసు చూడండి. అది అద్దె గొడవ కాదు, బంగళా అమ్మకం. కొనేవాడు కట్టిన 25 వేలూ అమ్మేవాడు ఉంచేసుకుంటానన్నాడు. బయానాగా ఇచ్చిన వెయ్యి వరకే కోర్టు ఒప్పుకుంది, మిగతా 24 వేలు జప్తు చేసుకోవడానికి ఒప్పుకోలేదు.

పైగా నష్టాన్ని తగ్గించుకునే దారి ఉండి కూడా ఓనరు చేతులు ముడుచుకుని కూర్చుంటే, 73వ సెక్షన్ ఆ సంగతీ లెక్కలోకి తీసుకుంటుంది. అంటే గేటుకు టు-లెట్ బోర్డు తగిలించాలి. ఫ్లాటు అద్దె 20 వేలు, అడ్వాన్సు 40 వేలు అనుకుందాం. 18 రోజులు ఖాళీగా ఉంటే పోయిన అద్దె 12 వేలు. కొత్తవాళ్ల కోసం బ్రోకరుకు 10 వేలు ఇచ్చారనుకోండి. న్యాయంగా అడగగలిగింది ఆ 22 వేలే, దానికీ రసీదు ఉండాలి. కొత్తవాళ్ల దగ్గరా, పాతవాళ్ల దగ్గరా ఒకే నెలకు అద్దె తీసుకోవడం మాత్రం కుదిరే పని కాదు. మనవాళ్లు బోలెడుమంది ఉన్న టెక్సాస్‌లో ఇది ఇంకా సూటిగా ఉంది. ఇల్లు మళ్లీ అద్దెకిచ్చే ప్రయత్నం చేయాల్సిన బాధ్యత ఓనరుదేనని అక్కడి చట్టంలోనే రాశారు. ‘ఆ బాధ్యత నాకు లేదు’ అని లీజులో రాయించుకున్నా చెల్లదు.

ఇంతకీ టీపాయ్ మీది తాళంచెవి! దాన్ని మారుమాట లేకుండా తీసి జేబులో వేసుకుంటే, ఇద్దరూ ఒప్పుకుని లీజు ముగించుకున్నట్టు వాదించడానికి ఎదుటివాళ్లకు వీలు దొరుకుతుంది. అలా తేలితే ఆ రోజు నుంచి అద్దె మీటరు ఆగిపోతుంది, పాత బకాయిలు మాత్రమే మిగులుతాయి. అందుకే ‘తాళంచెవి తీసుకున్నాను, నష్టం సంగతి తర్వాత తేల్చుకుందాం’ అని రెండు ముక్కలు రాసి సంతకాలు పెట్టించుకోవాలి, లేదంటే వాట్సాప్‌లోనైనా ‘సరే’ అనిపించుకోవాలి. నన్నడిగితే ఇంతకంటే తేలికైన దారి ఇంకోటుంది. వెళ్లేవాళ్లనే ‘మీ ఆఫీసులో ఎవరైనా ఇల్లు వెతుక్కుంటున్నారా?’ అని అడగడం. అడ్వాన్సు వెనక్కి రావాలన్న ఆత్రం వాళ్లకే ఎక్కువ. బ్రోకరు నెల రోజులు తిరిగినా దొరకని కుటుంబాన్ని ఆదివారంలోగా వాళ్లే తీసుకొచ్చి వంటగది చూపిస్తారు.