పరిశోధనకు కొలత యేది?



గింజలు కొలుచుటకు మానిక గలదు. నేల కొలుచుటకు గొలుసు గలదు. వ్యవసాయ పరిశోధనాలయములలో పండితులు చేయు పనిని కొలుచుట యెట్లు? ఆ పనికగు ధనములో మనము చెల్లించు పన్నులును గలవు గావున ఈ ప్రశ్న పండితులకే విడిచిపెట్టదగినది కాదు.

వారిలో చిరకాలముగా నడచుచున్న పద్ధతి యిది. పండితుడు తాను కనుగొన్నదానిని వ్యాసముగా ప్రకటించును. తరువాతివారు తమ వ్యాసములలో దానిని ఎన్ని మారులు పేర్కొనిరో లెక్కింతురు. ఇట్టి లెక్కకు ఒక సూచిక కావలెనని 1955లో అమెరికా దేశస్థుడు యూజిన్ గార్ఫీల్డు ప్రతిపాదించెను. పిదప పత్రికలకు సయితము ఈ లెక్కనుబట్టియే అంకెలు కట్టిరి. ఇందొక వింత గలదు. ఒకని వ్యాసము తప్పని పదిమంది ఖండించి వ్రాసినను, అది యాతని ఖాతాలో పది జమలుగానే పడును! అప్పును జమగా వ్రాయు గుమాస్తాను మన సంఘములో ఒక్క దినమైనను ఉంచుకొందుమా?

పండితులలోనే కొందరు దీనికి విసిగి, 2010లో క్రొత్త కొలతలు కావలెనని ప్రకటించిరి. అంతర్జాలమున ఆ పనినిగూర్చి యెంత ప్రస్తావన జరిగినదో అదియు లెక్కింపవలెనని వారి మతము. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడినవారు, పత్రిక అంకెనుబట్టి పండితుని విలువ కట్టరాదని తీర్మానించిరి. మంచిదే. కాని పొలములో బ్రతికిన మొక్క ఈ లెక్కలలో కానరాదు.

మన కందినే చూతము. దోమ, తాండూరు ప్రాంతముల రైతులకు కందినిగూర్చి మేము చెప్పనక్కరలేదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపును లభించినది. ఈ పంటకు ఎండు తెగులు పరమశత్రువు. దానిని కలిగించు బూజు నేలలోనే యేండ్ల తరబడి నిలిచి, వేళ్లగుండ జొచ్చి, పూత కాత వేళకు మొక్కను నిలుచున్నది నిలుచున్నట్లే ఎండగొట్టును. 1972లో పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ పండితులు, తెగులు నిండిన మళ్లను బుద్ధిపూర్వకముగానే సిద్ధపరచి, వానిలో అనేక కంది రకములను విత్తి, చావక మిగిలినవానిని ఏరిరి. అట్లు తేలిన రకమొకటి 1986లో మారుతి యను పేర కర్ణాటకమున విడుదలయ్యెను.

తరువాత ఆ సంస్థ ఆర్థికశాస్త్రజ్ఞులు వ్యాసములను లెక్కించుటతో తృప్తిపడక పల్లెలకు వచ్చి రైతులనే అడిగిరి. ఉత్తర కర్ణాటకమునను దాని పొరుగు జిల్లాలలోను 1992–93 నాటికి కంది నేలలో నూటికి సుమారు 60 వంతులు మారుతియే యున్నట్లు తేలెను. అమెరికాలో సంకర మొక్కజొన్న వ్యాప్తిని గ్రిలికస్ అను పండితుడు 1957లోనే ఈ మార్గమున లెక్కగట్టెను.

అయినను ఎకరముల లెక్కయే సర్వము కాదు. మారుతి ఎండు తెగులుకు తట్టుకొనును గాని, నల్లివలన వ్యాపించు వెర్రి తెగులుకు లొంగిపోవును. ఆకు పాలిపోయి, పూత లేక, పొదవలె పెరిగిన మొక్క రైతునకేమి పెట్టును? ఆ యెకరమును లెక్కలో జయమనియే వ్రాయబడును. రెంటికిని తట్టుకొను ఆశ యను రకము 1993లో గాని రాలేదు.

ఇక మన లోపము చెప్పవలెను. విత్తనము రైతు చేతినుండి రైతు చేతికి పోవును; రెండవ యేటికే రకము పేరు మాసిపోవును. ఏ కంది విత్తితివని మేమడిగినచో, “మా బావ యిచ్చిన కంది” అందురు. అట్టి యెకరము ఎవరి ఖాతాలోను చేరదు. మేలుచేసిన పని మేలనియు, చేయనిది చేయలేదనియు పైవారికి తెలియు త్రోవ మూసికొనిపోవును. వచ్చు సంవత్సరపు ధనము వ్యాసములు బాగుగా వ్రాయువారికే దక్కినచో తప్పెవరిది?

కావున విత్తన పంపకమునాడు సంఘపు పుస్తకములో ప్రతి సభ్యుడును రకము పేరు, విత్తనము వచ్చిన చోటు, ఎకరములు వ్రాయించవలెను. కాయ గట్టిపడిన పిదప వరుసకు నూరు మొక్కలెంచి, ఎండినవెన్ని, వెర్రి పట్టినవెన్ని అనునది వేరుగా తెలుపవలెను. పంట చెడినవారు సిగ్గుచే దాచరాదు. తాండూరు పరిశోధనా స్థానమువారికి ముందుగా చూపదగినవి ఆ పుటలే. విత్తన సంచి చీటీ పోగొట్టుకొన్నవారు విత్తనమిచ్చినవారి పేరును ఊరును చెప్పిన చాలును.