పాత డిస్కులోని తెలుగు

రాయ్‌పూరునుండి ధమ్తరికి పోయిన చిన్న రైలుమార్గమున తెలీబంధా ఒక స్టేషనుగా నుండెడిది. ఆ పట్టాల నడిమి వెడల్పు 762 మిల్లీమీటర్లు. అదే రాయ్‌పూరునుండి విజయనగరమునకు వచ్చు పెద్ద మార్గమునకు 1676. కావున చిన్నబండిలో వచ్చిన సరకు ఎంత పదిలముగా కట్టబడినదైనను, దానిని రాయ్‌పూరులో దించి పెద్దబండి కెక్కింపక ముందునకు సాగుటకు వీలు లేకుండెను. పాత కంప్యూటరు హార్డుడిస్కులోని ఫైళ్ళను క్రొత్తదానికి చేర్చ బూనినవారికి మొట్టమొదట ఎదురగు చిక్కు ఈ జాతిదే.

2003 ప్రాంతమునకు పూర్వపు పెట్టె కంప్యూటరు డిస్కుల వెనుక నలువది పిన్నుల వెడల్పాటి ఐడీఈ మూతి యుండును. తరువాత వచ్చిన సాటా డిస్కులలో సమాచారమునకు ఏడు తీగల సన్నని కేబులు చాలును. నేటి ల్యాప్‌టాపునకు ఈ రెండింటిలో ఏదియు బయటినుండి నేరుగా తగులదు గనుక, నడుమ యూఎస్బీ అడాప్టరు నొకదానిని ఉంచవలెను. ల్యాప్‌టాపులనుండి తీసిన చిన్న డిస్కులకు యూఎస్బీ ఇచ్చు 5 వోల్టులు సామాన్యముగా సరిపోవును. పెట్టె కంప్యూటరులోని మూడున్నర అంగుళముల డిస్కునకు మాత్రము 12 వోల్టులు కూడ కావలయును గనుక, గోడ ప్లగ్గునుండి వేరు కరెంటు అందు అడాప్టరునే కొనవలెను. ఈ భేద మెరుగక, డిస్కు తిరుగనందున అది చెడినదని పారవేయువారు కలరు; అట్లు పోయిన ఛాయాచిత్రములను తలచిన మనసు చివుక్కుమనును.

డిస్కు లోపలి పళ్ళెములు నిమిషమునకు 5400 లేదా 7200 మారులు తిరుగుచుండ, చదువునట్టి హెడ్డు వానికి కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుచుండును. ఆ ఎడము చెడి హెడ్డు పళ్ళెమును రాసుకొనినచో అచ్చటి సమాచారము గీరుకొని పోవును. టక్కు టక్కుమను శబ్దము వరుసగా వినవచ్చిన యెడల వెంటనే కరెంటు తీసివేసి నిపుణుని కప్పగించుట శ్రేయస్కరము. ఆరోగ్యముగా నున్న డిస్కునైనను, రాయ్‌పూరు వైశాఖపు ఎండలలో, గాలి తగులని అరలో నుంచి గంటల తరబడి నడుపుట తగదు. యూఎస్బీ 2.0 మార్గమున సెకనుకు ఇంచుమించు 35 మెగాబైట్ల చొప్పున 500 గిగాబైట్లు దాటుటకు నాలుగు గంటలు పట్టును. చిన్న ఫైళ్ళు వేలకొలది యున్నచో ఇంకను ఎక్కువ.

విండోసు ఎక్స్‌పీ కాలపు డిస్కులో మన వ్రాతలు డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అను ఫోల్డరునందును, తరువాతివానిలో యూజర్స్ అనుదానియందును ఉండును. తెరువబోగా అనుమతి లేదను సందేశము వచ్చుటకు కారణము, యజమాని పేరునకు బదులొక సంఖ్య డిస్కుపై వ్రాయబడి యుండుటయు, ఆ సంఖ్యను క్రొత్త యంత్ర మెరుగకుండుటయు. అడ్మినిస్ట్రేటరు అధికారముతో యాజమాన్యమును మార్చుకొనవచ్చును. బిట్‌లాకరుతో తాళము వేసిన డిస్కునకు మాత్రము దాని సంకేతపదము గాని, 48 అంకెల రికవరీ కీ గాని లేనిది దారి లేదు. నడుమ పెన్‌డ్రైవు వాడువారు, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాటయిన దానిపై 4 గిగాబైట్లకు మించిన పెండ్లి వీడియో పట్టదని ఎరిగి యుండవలెను. ప్రోగ్రాములను కాపీ చేసి లాభము లేదు. వానిని మరల ఇన్‌స్టాల్ చేయవలసినదే.

ఇంతవరకు చెప్పినది ఏ భాషవారికైనను వర్తించును. తెలుగువారి కష్ట మిచ్చటినుండి ఆరంభమగుచున్నది.

విజయనగరము, శ్రీకాకుళము వైపులనుండి ఆ పెద్దమార్గము వెంట వచ్చి రాయ్‌పూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. అట్టి యింట ఒక పెద్ద, ఇరువది యేండ్ల క్రిందట పేజ్‌మేకరు ప్రోగ్రాములో ‘అను’ అను పేరుగల ఫాంట్లతో వంశచరిత్రను కూర్చి యుంచెననుకొందము. ఆ ఫైలును క్రొత్త కంప్యూటరునకు చేర్చి, సర్ట్‌యుటిల్ అను ఆదేశముతో పాత క్రొత్త ప్రతులు రెంటికిని ఎస్‌హెచ్‌ఏ-256 ముద్రను లెక్కింపగా, అరువదినాలుగు అక్షరములును సరిపోయినవి. అనగా ఒక్క బిట్టైనను తప్పిపోలేదు. అయినను పాఠమును క్రొత్త తెరపై చూడగా, కనబడునది రోమను అక్షరములును, ఐరోపా చిహ్నములును కలగలిసిన గజిబిజి.

ఏలననగా, ఆ నాటి ఫాంట్లకు లభించిన స్థానములు 256 మాత్రమే. గుణింతములతోడను వత్తులతోడను కూడిన మన లిపి అందులో పట్టదు గనుక, తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అని ఆకారములను ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరముల తావులలో కూర్చుండబెట్టిరి. ఫైలులో నిలిచియున్నది ఆ తావుల సంఖ్యయే. దానిని తెలుగుగా చూపునది ఫాంటు. ఒక్కొక్క ఫాంటు కుటుంబమున కొక్కొక్క అమరిక. 1991 నాటి తొలి యూనికోడులోనే తెలుగునకు 0సీ00 మొదలు 0సీ7ఎఫ్ వరకు 128 స్థానము లేర్పడినవి గాని, విండోసు ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో 2001లో వచ్చువరకు అవి సామాన్యుని కంప్యూటరు తెరపైకి రాలేదు. ముద్రణాలయములు ఆ తరువాతను చాలకాలము పాతదారినే నడచినవి.

యూనికోడులో ‘శ్రీ’ అనగా శకారము, పొల్లు, రేఫము, దీర్ఘమైన గుడి, ఈ నాలుగును ఉచ్చారణక్రమమున నిలుచును. యూటీఎఫ్-8లో పండ్రెండు బైట్లు. పాత ఫాంట్లలోని ముక్కల క్రమమో కంటికి కనబడు తీరును బట్టి పోవును. అక్షరమునకు ఎడమనుండి చుట్టుకొని వచ్చు రేఫవత్తును ఏ హల్లునకు చేర్పవలెనో నిర్ణయించుటలో, పాత ఫాంటు పాఠమును యూనికోడులోనికి మార్చు సాధనములు తడబడును, తప్పులలో పెక్కు ఇచ్చటనే దొర్లును. వాడుక మాటలో తప్పును ఎవరైనను పోల్చుకొనగలరు. ఇంటిపేరులోను, విడిచి వచ్చిన ఊరి పేరులోను పడిన తప్పును ఆ పేరెరిగినవారే పోల్చుకొనగలరు.

కావున పాత కంప్యూటరు ఇంకను వెలుగుచున్నచో, డిస్కును ఊడదీయుటకు ముందే ప్రతి తెలుగు పత్రమును ఫాంటులతో సహా పీడీఎఫ్‌గా మార్చి ఉంచుకొనుట నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైన పని. దానివలన అక్షరరూప మట్లే నిలుచును. విండోస్ ఫోల్డరులోని ఫాంట్లను సైతము వెంట తెచ్చుకొని, ఏ పత్రమున కే ఫాంటో పేరు వ్రాసి పెట్టుకొనవలెను. అటుపిమ్మట యూనికోడులోనికి మార్చి, పీడీఎఫ్‌ను ప్రక్కన నుంచుకొని, తెలుగు చదువగల పెద్దలచేత పంక్తి పంక్తియు దిద్దించవలెను. హిందీ బడులలో చదివిన పిల్లలకు ఆ పని ఒంటరిగా సాధ్యము గాదు. ఆ దిద్దుబాటు ముగియువరకు పాత డిస్కును ఫార్మాటు చేయరాదు.