హిజ్రీ తేదీలు - కంప్యూటరు లెక్కలు

ఖలీఫా ఉమర్ (రజి) కాలపు ఉదంతమొకటి చరిత్ర గ్రంథాలలో కానవస్తుంది. షాబాన్ నెలలో చెల్లించవలెనని వ్రాసిన పత్రమొకటి ఆయన ముందుకు వచ్చినది. ఏ షాబాన్? గడచినదా, నడుస్తున్నదా, రాబోయేదా? అని ఆయన ప్రశ్నించారు. సంవత్సరం లేని తేదీ వ్యవహారానికి చాలదని తేలినది. సహచరులతో సంప్రదించిన మీదట హిజ్రత్ జరిగిన సంవత్సరం మొదలుగా శకం నిర్ణయించబడినది.

నేడు మొబైల్ ఫోనుకు, వెబ్ సర్వరుకు మధ్య అదే చిక్కు మరొక రూపంలో ఎదురవుతున్నది. సౌదీ అరేబియా ప్రాంతానికి అమర్చిన ఫోను ఉమ్ముల్ ఖురా క్యాలెండరు ప్రకారం తేదీ చూపవచ్చును. తెరమీది 1445-10-01 అనే తేదీని యాప్ యథాతథంగా పంపినచో, సర్వరు దానిని క్రీ.శ. 1445 అక్టోబరు 1గా గ్రహిస్తుంది. అంకెలు సరియైనవే, ఏ శకమో తెలుపలేదు. ఫలితంగా 579 సంవత్సరాల తేడా!

దీనికి పరిష్కారం సులభమే. ఫోను ఏ భాషలో, ఏ ప్రాంతానికి అమర్చబడి ఉన్నను, పంపవలసినది క్రీస్తు శకపు తేదీయే. 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణం ప్రకారం ముందు సంవత్సరం, పిదప నెల, ఆపైన రోజు - 2024-04-10 అని వ్రాయవలెను. సర్వరులో భద్రపరచవలసినదీ ఇదే. హిజ్రీ తేదీని చదువరికి చూపేటప్పుడు లెక్కించుకొనవచ్చును.

అయితే ఏ లెక్క ప్రకారం? గణిత క్యాలెండరులో 30 సంవత్సరాల చక్రం ఉన్నది. అందులో 11 సంవత్సరాలకు 355 రోజులు, తక్కిన వాటికి 354. ఉమ్ముల్ ఖురా ఖగోళ గణనపై ఆధారపడినది. మన ప్రాంతంలో నెలవంక దర్శనమే ప్రమాణం. 2024 ఏప్రిల్ 10న సౌదీలో ఈదుల్ ఫిత్ర్ జరిగినది. హైదరాబాదులో అది రంజాన్ 30వ ఉపవాసం, పండుగ మరునాడు. ఉమ్ముల్ ఖురాను మాత్రమే నమ్మిన యాప్ ఆనాడు ఇక్కడివారికి ఉపవాస దినాన్ని పండుగగా చూపి ఉండును.

మరొక విషయం. ఇస్లామీయ దినం సూర్యాస్తమయంతో ఆరంభమవుతుంది. కంప్యూటరు దినం అర్ధరాత్రితో. మగ్రిబ్ తరువాత జరిగిన మరణానికి తేదీ మాత్రమే వ్రాసి గంట వ్రాయనిచో, హిజ్రీ తేదీ ఒక రోజు వెనుకబడగలదు.

జకాత్ గడువు, ఇద్దత్ కాలం చాంద్రమాన గణనను అనుసరించేవి. కనుక హిజ్రీ తేదీని నమోదు చేసే ప్రతిచోట ఏ క్యాలెండరు, ఏ ప్రాంతపు నిర్ణయం అనే రెండు వివరాలను జతపరచవలెను. స్థానిక నెలవంక నిర్ణయాన్ని బట్టి ఒక రోజు సవరించుకొనే వీలునూ యాప్‌లో ఉంచవలెను. యంత్రం లెక్క కట్టగలదు. నెల ఆరంభమైనదని ప్రకటించవలసినది మాత్రం ఆ ఊరి పెద్దలే.